బీరువా వెనక తలుపు

స్నానాలగదిలోకి వెళ్ళిన మేస్త్రి ముప్పావుగంటైనా బయటికి రాలేదు. లోపల నీళ్ళ చప్పుడు కూడా లేదు.

"ఏమండీ, ఉన్నారా?" ఐదోసారి తలుపు కొట్టింది ఇల్లాలు.

"ఉన్నాను."

"ఏం చేస్తున్నారు?"

"కూర్చున్నాను."

"అక్కడ కూర్చోడానికేముంది?"

"బకెట్టు బోర్లించుకున్నాను."

ఆవిడ వంటగదిలోకి వెళ్ళి స్టవ్వు కట్టేసి వచ్చింది. ఎందుకు కట్టేసిందో గుర్తురాక మళ్ళీ వెళ్ళి వెలిగించి వచ్చింది. పొద్దున్నుంచి తను ఏడుస్తోందో నవ్వుతోందో ఆవిడకే తెలియదు. నోరు మాత్రం ఆగలేదు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని ఇంట్లోనూ వీధిలోనూ పేరు. ఇవాళ నువ్వుగింజ మాట దేవుడెరుగు, ఊపిరి తీసుకోవడానికే తీరిక లేదు.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు," అంది కూతురితో. "చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదేనే. కొట్టు ఊడ్చిన దుమ్ము కడిగారు, జల్లెడ పట్టారు. కాలవలో మురుగు తోడించారు. అందులో చిక్కుకుందేమోనని నా జడ విప్పి నేనే దులుపుకున్నాను. అది మాత్రం మన నెత్తిమీద అలమారలో హాయిగా పడుకుంది."

కూతురు వినడం లేదు. ముప్ఫైమూడేళ్ళు వచ్చినా, కొట్లో తండ్రి పక్క బల్ల మీద కూర్చుని నగల్లో రాళ్ళు పొదుగుతున్నా, ఇంట్లో ఇంకా పాపే. ఆమె అన్నం బల్ల మీద స్టీలు గిన్నె పెట్టుకుని, దాన్నిండా స్పిరిట్టు పోసి, మెత్తటి కుంచెతో లోపలున్న వస్తువుని మెల్లగా రుద్దుతోంది. కరిగిన లక్కతో స్పిరిట్టు తేనెరంగుకి తిరిగింది. అడుగున, అప్పట్లో దివాణం వారు పనికిచ్చిన వజ్రాల పతకం ఉంది. చుట్టూ పద్దెనిమిది రాళ్ళు, మధ్యలో శనగగింజంత రాయి ఒకటి. అన్నీ ఉన్నాయి. పాప ఆరుసార్లు లెక్కపెట్టింది.

పొద్దున్న ఆమె చేసింది చిన్నపని. రాళ్ళు పొదిగేవాళ్ళు చెక్కదిమ్మ మీద లక్క కరిగించి పోసి, అది మెత్తగా ఉండగానే నగని అందులో బోర్లా నొక్కుతారు. చల్లారాక అది కదలదు, అప్పుడు వెనకవైపు పని చేసుకుంటారు. కొట్లో లక్క అయిపోయింది. తాత పోయిన దగ్గర్నుంచి అలమారలో ఉన్న ఆయన దిమ్మని దించి, ఆ పాత లక్క కరిగించుకుందామని సుత్తితో కొట్టింది. మూడో దెబ్బకి లక్కలోపల ఏదో మెరిసింది. కేక వెయ్యడం కూడా మర్చిపోయి, దిమ్మని ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

తొమ్మిదింటికి దివాణానికి ఫోను చేసింది. పదకొండింటికి మేనేజరు వస్తానన్నాడు. పాత ఫైలు కూడా పట్టుకొస్తానన్నాడు. ఆ ఫైల్లో ఉన్న కాగితం మాట వినగానే మేస్త్రి లేచి స్నానాలగదిలోకి వెళ్ళాడు.

పదింబావుకి గడియ తీసిన చప్పుడైంది. మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని, తడితల పక్కకి దువ్వుకుని, మొదటిరోజు బడికెళ్ళే పిల్లాడిలా నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సబ్బు పడిందని ఎవరూ అడక్కముందే చెప్పాడు.

"వాడికి చెప్పి వస్తాను," అన్నాడు.

ఎవరికని ఎవరూ అడగలేదు. ఈ ఇంట్లో పేరు లేకుండా 'వాడు' అంటే ఒక్కడే. గోడకి అవతల, ఇదే ఇంటి రెండో సగంలో ఉండే తమ్ముడు. పతకం పోయిన మర్నాడు, తనే తీశానని దివాణంలో ఒప్పుకుని కాగితం మీద సంతకం పెట్టినవాడు. తాత మొహం చూసి దివాణం వారు కేసు పెట్టలేదు. అవాళే రాళ్ళపని మానేసి, తర్వాత తన ముందుగదిలో కళ్ళద్దాల కొట్టు పెట్టుకున్నాడు. నాకు తమ్ముడు లేడని మేస్త్రి అరిచి, రెండు సగాలకీ మధ్యనున్న తలుపుకి బీరువా అడ్డం పెట్టాడు. అప్పట్నుంచి ఒకరు గుమ్మం దిగి కుడికి తిరిగితే రెండోవారు ఎడమకి తిరిగేవారు.

మేస్త్రి వీధిగుమ్మం దాకా వెళ్ళాడు. తిరిగొచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. చెప్పులు వేసుకున్నాడు. విప్పాడు.

"ఏమని చెప్పను?"

"పతకం దొరికిందని చెప్పండి," అంది భార్య.

"తను తియ్యలేదని వాడికి ఎప్పుడూ తెలుసు. తెలియంది నాకు. ఇప్పుడు నాకూ తెలిసింది. ఇందులో వాడికి కొత్తగా చెప్పేదేముంది?"

"అయితే తప్పైందనండి."

"నాదెలా తప్పు? నేనన్నానా వాడు దొంగని? వాడే అన్నాడు. మేనేజరు ముందు, నాన్న ముందు, నా ముందు. అమ్మేశాను, ఎవరికో గుర్తులేదు అన్నాడు. తియ్యనివాడు తీశానని ఎందుకంటాడు?"

"ఆ మాటే అడగండి."

"అడిగితే ఏం చెప్తాడో." ఆయన గొంతు తగ్గింది. "వాడు చెప్పేది వినాలంటే భయమేస్తోంది నాకు."

ఇల్లాలు ఈసారి వెటకారం చెయ్యలేదు. ఆయన చొక్కా గుండీ ఒకటి తప్పుకాజాలో ఉంటే విప్పి సరిగ్గా పెట్టింది.

"నేను వెళ్ళి పిలుచుకురానా?" అంది పాప.

బాబాయి కొట్టుకి ఆమె వెళ్తుందని అందరికీ తెలుసు. పాప భూతద్దం ఏడాదికి నాలుగుసార్లు పాడయ్యేది. అంత త్వరగా భూతద్దాలు ఎవరికీ పాడవ్వవు. మేస్త్రి ఒక్కనాడు కూడా ఎక్కడ బాగుచేయించావని అడగలేదు. ఆ అడక్కపోవడంలోనే పాపకి తండ్రి మీద ఇన్నాళ్ళూ కొంచెం ఆశ మిగిలింది.

"వద్దు. నేనే వెళ్ళాలి," అన్నాడు మేస్త్రి. "కానీ వీధిలోంచి వెళ్ళలేను. ఇంతకాలం చూడనట్టు నటించినవాళ్ళంతా ఇవాళ గుమ్మాల్లోకొచ్చి చూస్తారు."

"అయితే బీరువా జరపండి," అంది ఇల్లాలు.

అది జరిగే బీరువా కాదు. ముగ్గురూ భుజాలానించి తోస్తే మూలిగింది గాని కదల్లేదు. ఇల్లాలు తలుపులు తెరిచి ఉన్నవన్నీ మంచం మీదకి విసరడం మొదలుపెట్టింది. దుప్పట్లు, పాత కరెంటు బిల్లులు, ఒక్క కాలి బూటు, ఎవరివో తెలియని పిల్లల ఫ్రాకులు. ఒక అరలో చిన్న డబ్బా దొరికింది. అందులో ఐదేళ్ళ కిందట మేస్త్రి పారేశానని ఒట్టేసి చెప్పిన సిగరెట్లు ఉన్నాయి.

"ఇవాళ పోయినవన్నీ దొరికేలా ఉన్నాయి," అంది ఆవిడ. మేస్త్రి డబ్బా జేబులో వేసుకుని బీరువాని ఇంకా గట్టిగా తోశాడు.

నాలుగోసారికి కదిలింది. వెనక గోడ మీద బీరువా మేర రంగు వెలవకుండా ఉంది. మధ్యలో తలుపు, దాని గడియకి తుప్పు. పాప కొట్లోంచి నూనె తెచ్చి రెండు చుక్కలు వేసింది. గడియ వచ్చింది. అవతల కూడా గడియ ఉన్నట్టుంది, తలుపు మాత్రం రాలేదు.

మేస్త్రి చెయ్యెత్తి కొట్టబోయి ఆగాడు. ఇల్లాలు ఆ చెయ్యి పట్టుకుని, దాంతోనే రెండుసార్లు తలుపు కొట్టింది.

కుర్చీ జరిగిన చప్పుడైంది.

"ఎవరు?" అంది అవతలి గొంతు. చాలా దగ్గర్నుంచి వచ్చిందా మాట.

మేస్త్రి తల తిప్పి భార్య వైపు చూశాడు. మాటలకి ఎన్నడూ కరువులేని మనిషి, ఆవిడా ఒక్కక్షణం తడబడింది.

"చిన్నబ్బాయ్," అంది చివరికి. "నేను. వదినని. మీ అన్నయ్య కూడా ఉన్నారు."

అవతల బల్ల మీద ఏదో గాజు తగిలిన చప్పుడైంది.

"ఇటు నా బల్ల అడ్డం ఉంది," అన్నాడతను. "అద్దాలున్నాయి. జరుపుతాను, కాస్త ఆగండి."

అద్దాలు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టిన చప్పుడు. గోడకి ఇవతల ముగ్గురూ ఆ చప్పుళ్ళు లెక్కపెడుతున్నట్టు నిలబడ్డారు. బల్ల కాళ్ళు నేలమీద గీసుకున్నాయి. గడియ తీసిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది.

అన్నదమ్ములు ఒకరినొకరు వీధిలో దూరం నుంచి చూసుకోకపోలేదు. ఇంత దగ్గర్నుంచి చూసుకోవడం ఇదే. చిన్నాయన కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని ఉన్నాడు. చెంపలు తెల్లబడ్డాయి. మేస్త్రి మనసులో మాత్రం ఇన్నేళ్ళూ అతను పాతికేళ్ళ కుర్రాడిగానే ఉన్నాడు, ఆ కుర్రాడి మీదే కోపం. ఈ తెల్లజుట్టు మనిషి మీద కోపం ఎలా తెచ్చుకోవాలో ఆయనకి తెలియలేదు.

ఆయన తిన్నగా గిన్నె దగ్గరికి వెళ్ళి, పతకాన్ని గుడ్డలోకి తీసుకుని వచ్చి, తమ్ముడి ముందు అరచెయ్యి చాపాడు.

చిన్నాయన దాన్ని ముట్టుకోలేదు. అద్దాలు ముక్కు మీదకి దించుకుని వంగి చూశాడు. రాళ్ళపని మానినా చూపు మానలేదు. ఒక్కో రాయి దగ్గరా ఆగి చూశాడు.

"ఎక్కడిది?"

"తాత దిమ్మలో, బాబాయ్," అంది పాప. "లక్క లోపల ఉంది. ఇవాళ పగలగొట్టాను."

చిన్నాయన తల ఎత్తాడు. పాప వైపు కాదు, అన్న వైపు చూశాడు.

"అంటే నువ్వు తియ్యలేదా, అన్నయ్యా?"

మేస్త్రికి మొదట అర్థం కాలేదు. "నేనా?" అన్నాడు. "నేనెందుకు తీస్తాను?"

"ఆ మధ్యాహ్నం నువ్వు చేతిరుమాల్లో ఏదో మూటకట్టుకుని పెరటిదారిన వెళ్ళావు. ఆ వారంలోనే పాపకి ఆపరేషను. సాయంత్రానికి పతకం లేదు. నాకింకేం తోస్తుంది? నువ్వు జైలుకెళ్తే పిల్ల ఏమవుతుంది, వదిన ఏమవుతుంది? నాకు పెళ్ళా, పిల్లలా."

"అవి మీ వదిన గాజులురా," అన్నాడు మేస్త్రి. "ఆస్పత్రికి కావాలని తనే తీసిచ్చింది. నాన్నకి తెలిస్తే చిన్నతనమని చెప్పలేదు."

"గాజులా?"

"గాజులే. ఆరు."

చిన్నాయన తన వైపు గడప పక్కన నేలమీద కూలబడ్డాడు. "గాజులు," అన్నాడు మళ్ళీ. అతని భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకుని ఇల్లాలు ఒక అడుగు వేసింది. అతను నవ్వుతున్నాడు. కళ్ళనీళ్ళు కారుతున్నాయి, నవ్వు ఆగడం లేదు.

"ఆరు గాజుల కోసం ఇన్నేళ్ళూ కళ్ళద్దాలు పెట్టి ఊరందరి చేతా గోడమీద అక్షరాలు చదివించాను, వదినా."

పాప గుండెల మీద చెయ్యి వేసుకుంది. చొక్కా కింద ఆపరేషను గీత ఉంది. ఆ గీత మీద ఆమెకి ఎప్పుడూ ప్రత్యేకమైన ధ్యాస లేదు. దానికి ఇంత ఖరీదు కట్టినవాడు గోడ పక్కనే ఉండగా, తను భూతద్దం వంక పెట్టుకుని వెళ్ళి ఐదు నిమిషాలు మాట్లాడి వచ్చేది. సిగ్గూ సంతోషమూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

మేస్త్రి కూడా గడపకి ఇవతల చతికిలబడ్డాడు.

"తప్పైందిరా చిన్నా. నిన్ను దొంగననుకున్నాను."

"నేనూ నిన్ను అనుకున్నానుగా."

"నువ్వు చెప్పావు గనక నేను అనుకున్నాను. నేనేమీ చెప్పకుండానే నువ్వు అనుకున్నావు. ఎవరిది పెద్ద తప్పు?"

"నాదే."

"మరి ఆ మాట అను."

"అంటున్నాగా, నాదే అని."

"నాది కూడా ఉంది," అన్నాడు మేస్త్రి పట్టుదలగా. "అంతా నువ్వే తీసుకుంటానంటే కుదరదు. ఒకసారి అలాగే తీసుకున్నావు."

ముప్ఫై ఒక్క ఏళ్ళ తర్వాత మొదలైన మొదటి పోట్లాట అది. పక్కగదిలోంచి వింటే ఇద్దరు పిల్లలు బొంగరం కోసం కొట్టుకుంటున్నట్టు ఉంది. ఇన్నాళ్ళూ ఆ గోడ మీదున్న బరువంతా ఎటుపోయిందో పోయింది.

"లోపలికి రా," అన్నాడు మేస్త్రి.

చిన్నాయన లేచాడు గాని గడప దాటలేదు. "ఉండు. నేను పతకాన్ని పళ్ళెంలో పెట్టి భోజనానికి వెళ్ళాను. అది నాన్న దిమ్మలోకి ఎలా వెళ్ళింది? ఎవరి బదులు సంతకం పెట్టానో తెలియకుండా ఎలా వస్తాను?"

"పడిపోయిందేమో," అన్నాడు మేస్త్రి.

"పడలేదు నాన్నా," అంది పాప. "బోర్లా, తిన్నగా ఉంది. ఎవరో పనికి పెట్టుకున్నట్టు ఉంది. తర్వాత పైనుంచి లక్క పోశారు."

"నేను కాదు."

"నేనూ కాదు."

గడియారం పదకొండుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. గది హఠాత్తుగా ఎందుకింత నిశ్శబ్దంగా ఉందా అని పాప చుట్టూ చూసింది. కారణం తల్లి. పొద్దున్నుంచి ఆగని మనిషి, బీరువాకి ఆనుకుని, పిల్లల ఫ్రాకు ఒకటి చేతిలో నలుపుతూ మాటలేకుండా నిలబడి ఉంది.

"అమ్మా?"

"మామయ్యగారికి అప్పటికి చూపు లేదు," అంది ఆవిడ.

అన్నదమ్ములు ఇద్దరూ తిరిగారు.

"ఎడమకన్ను మూడేళ్ళ ముందే పోయింది. కుడిది ఆ ఏడాది. వేళ్ళతో తడిమి పొదిగేవారు. లక్క కరిగించే దీపం వెలిగించడానికి వెళ్ళి ఒకరోజు వేళ్ళు కాల్చుకుంటే చూశాను. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. పొదిగేవాడికి కళ్ళు లేవంటే ఎవరు నగ ఇస్తారమ్మా అన్నారు. అప్పట్నుంచి దీపం నేనే వెలిగించి ఇచ్చేదాన్ని." ఆవిడ ఫ్రాకుని ఇంకో చేతిలోకి మార్చుకుంది. "ఆ మధ్యాహ్నం, మీరెవరూ లేనప్పుడు, లక్క చాల్లేదు ఇంకొంచెం కరిగించమన్నారు. కరిగించి గిన్నె చేతికిచ్చాను. పోసుకున్నారు. దిమ్మ మీద ఏముందో నేను చూడలేదు. ఉత్త దిమ్మే అనుకున్నాను. ఆయనా అలాగే అనుకుని ఉంటారు. పాప ఇప్పుడు బోర్లా ఉందనేదాకా నాకు తట్టనేలేదు."

"చివరి చెయ్యి నాన్నదే పడాలి కదా," అన్నాడు మేస్త్రి నెమ్మదిగా. "ఆయన చూడకుండా కొట్లోంచి నగ బయటికి వెళ్ళేది కాదు. పళ్ళెంలోంచి తీసి పెట్టుకున్నారన్నమాట. పెట్టుకున్నది మర్చిపోయారు."

చిన్నాయన అద్దాలు తీసి చొక్కాతో తుడిచాడు. "రోజూ జనాల కళ్ళు చూస్తాను. ఇంట్లో మనిషివి చూడలేదు." మళ్ళీ పెట్టుకోలేదు. "నేను వేరుపడి అటు సగంలోకి వెళ్ళేరోజు నాన్న నా మొహమంతా చేత్తో తడిమారు. క్షమించారనుకున్నాను. ఇన్నేళ్ళూ ఆ ఒక్కటీ తలుచుకునే బతికాను. ఎదురుగా ఉన్నది ఎవరో తెలుసుకుందామని తడిమారన్నమాట."

"కాదు," అంది ఇల్లాలు. ఆవిడ గొంతు మళ్ళీ మామూలు గొంతయింది. "అడుగు చప్పుడు వింటే మనిషిని చెప్పేసేవారు ఆయన. నేను గదిలోకి రాకముందే ఏమ్మా అనేవారు. నువ్వని తెలియడానికి మొహం తడమక్కర్లేదు చిన్నబ్బాయ్. నువ్వని తెలిసే తడిమారు."

చిన్నాయన అలాగే ఆవిడని చూశాడు. తర్వాత గడప దాటాడు. వదిన చూపించిన కుర్చీలో కూర్చున్నాడు. ఎప్పుడూ ఈ గదిలోనే ఉన్నవాడిలా, "కాసిని మంచినీళ్ళివ్వు వదినా," అన్నాడు.

అతను గ్లాసు దించేలోపు వీధిగుమ్మం గంట మోగింది.

"మేనేజరు," అంది పాప.

"జరిగింది జరిగినట్టు చెప్తాం," మేస్త్రి లేచాడు. "ఆ కాగితం నా చేత్తో చింపుతాను."

చిన్నాయన తల అడ్డంగా ఊపాడు. "జరిగింది చెప్పాలంటే నాన్న చూపులేకుండా వాళ్ళ నగలు పొదిగారని చెప్పాలి. వాళ్ళు నమ్మకంతో ఇచ్చారు, మనం దాచాం. ఇన్నేళ్ళూ మీ నాన్నలాంటి పనివాడు లేడంటున్నవాళ్ళు రేపు ఏమంటారు? ఆయన లేచొచ్చి జవాబు చెప్పుకోలేడు. నాకు అలవాటైపోయింది అన్నయ్యా. ఆ సంతకం అలాగే ఉండనీ."

"నీ మాట నమ్మి ఒకసారి చెడ్డాను," అన్నాడు మేస్త్రి. "ఇంక ఈ జన్మలో నీ మాట విననురా." అని తమ్ముడి మణికట్టు పట్టుకున్నాడు. గంట రెండోసారి మోగింది. పాప వెళ్ళి తలుపు తీసింది. మేస్త్రి పట్టు వదల్లేదు.

మేనేజరు కుర్రవాడే. చంకలో పసుపుపచ్చబడ్డ ఫైలు ఉంది. గదిలో అడ్డంగా ఉన్న బీరువానీ, మంచం మీద గుట్టనీ, చెయ్యి చెయ్యి పట్టుకుని నిలబడ్డ ఇద్దరు ముసలి మగవాళ్ళనీ చూసి ఎవరికి నమస్కారం పెట్టాలో తెలియక అందరికీ కలిపి పెట్టాడు. పతకం చూడగానే ఫైలు సంగతి మర్చిపోయి ఊపిరి పీల్చుకున్నాడు.

"రాణిగారు ఫోను దగ్గరే కూర్చున్నారండి," అన్నాడు. "ఒక్కటే అడగమన్నారు. ఇది ఇన్నాళ్ళూ ఎక్కడుంది, ఎవరు పెట్టారు?"

మేస్త్రి నోరు తెరిచాడు. చిన్నాయన అన్న చెయ్యి నొక్కాడు. మేస్త్రి నోరు మూశాడు. ఇద్దరూ ఒకేసారి ఇల్లాలి వైపు చూశారు.

నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మామగారికిచ్చిన మాట దాచిన మనిషి, చేతిలో ఫ్రాకు మడతపెట్టి మంచం మీద వేసింది. మేనేజరుకి కుర్చీ జరిపింది.

"కూర్చోండి బాబూ," అంది. "నేను చెప్తాను."